నిలిచే బరువు

లాడ్ బజార్‌కు వచ్చేవాళ్ళలో చాలామంది మనసులో ఒక తేదీ పెట్టుకుని వస్తారు. చార్మినార్ పక్కన మొదలై పడమరగా మెహబూబ్ చౌక్ దిక్కుకు సాగే ఈ వీధిలో లక్క గాజులైనా, ముత్యాలైనా, ఖడా దుపట్టా అయినా బేరం కుదిరేది పెళ్ళి రోజును బట్టే. ఏ జిల్లా నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లీకూతుళ్ళు "ఇరవయ్యో తారీఖు లోపల గావాలె" అంటారు. దుకాణదారు సరేనంటాడు. 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజుకు ఆ వీలుంది. లక్కను సెగ మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, అడిగిన కొలతకు చుట్టి అతుకుతారు, ఆపైన రాళ్ళు పొదుగుతారు. ఒళ్ళు అలాంటిది కాదు. అడిగిన రోజుకు, అడిగిన కొలతకు తయారు కాదు. మన ఇళ్ళల్లో పెళ్ళి దగ్గర పడుతున్నప్పుడు అందరూ మరిచిపోయేది దీన్నే.

చెల్లి పెళ్ళికో, మరిది పెళ్ళికో మూడు నెలలుందనగా పొట్ట గుర్తొస్తుంది. ఇద్దరు పిల్లల్ని కన్న తర్వాత పొత్తికడుపు మీద వేలాడే ఆ మడత చీరలోనూ దాగదు, డ్రెస్సులోనూ దాగదు. ఫంక్షన్ హాల్లో ఎవరో పెద్దావిడ అందరి ముందే "ఏం బిడ్డా, మళ్ళ ఏమన్న విశేషమా?" అని అడుగుతుంది. అడిగినావిడ మరుక్షణం బిర్యానీ వైపు వెళ్ళిపోతుంది. ఆ మాట మాత్రం విన్నవాళ్ళ చెవిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అలాంటి ఒక రాత్రి ఫోన్‌లో టమ్మీ టక్ ఆపరేషన్ గురించి చూస్తారు. ధైర్యం చేసి ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్తారు. ఆయన చూసి, "ముందు కొంత బరువు తగ్గి రండమ్మా" అంటాడు. తగ్గడం నా వల్ల అయితే మీదాకా ఎందుకొస్తాను అని వీళ్ళు నొచ్చుకుంటారు.

ఆ మాటలో అవమానం ఏమీ లేదు. అందులో మీ మేలు చాలా ఉంది. ఎందుకో తెలియాలంటే ఆ ఆపరేషన్ ఏం చేస్తుందో, ఏం చేయదో ముందు తెలియాలి.

టమ్మీ టక్‌లో, అంటే అబ్డామినోప్లాస్టీలో, పొత్తికడుపు కింది భాగంలో అడ్డంగా కోసి, మిగులు చర్మాన్ని, దాని కిందే ఉండే కొవ్వు పొరను తీసేస్తారు. కాన్పుల వల్ల మధ్యలో నిలువుగా ఎడంగా జరిగిన కడుపు కండరాలను దగ్గరికి లాగి కుడతారు. బొడ్డును కొత్త చోట అమరుస్తారు. చేసేది ఇంతే. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ కడుపు లోపల పేరుకున్న కొవ్వు జోలికి ఈ ఆపరేషన్ పోదు, పోలేదు. వేళ్ళతో పట్టుకుంటే మడతగా చేతికి వచ్చేది చర్మం కిందిది. చేతికి దొరక్కుండా డోలులా గట్టిగా ముందుకు పొడుచుకొచ్చేది లోపలిది. పొద్దుటి నుంచి రాత్రి దాకా దుకాణం గద్దె మీద కూర్చునే మగవాళ్ళ బొజ్జల్లో చాలా వరకు ఈ రెండో రకమే. లోపల అంత కొవ్వు ఉన్నప్పుడు పైన కండరాలను బిగించి కుట్టడానికి చోటే ఉండదు. బలవంతంగా బిగిస్తే కడుపులో ఒత్తిడి పెరిగి, ఊపిరి పీల్చుకోవడమే కష్టమవుతుంది. లోపలి కొవ్వు కరగాలంటే తిండి మారాలి, నడక పెరగాలి, కొందరికి మందులు కావాలి. కత్తికి అది లొంగదు.

గొట్టంతో కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్‌తోనూ ఆరోగ్యం దానంతట అది బాగుపడదు. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఊబకాయం ఉన్న స్త్రీలకు పొట్ట నుంచి దాదాపు 10 కిలోల కొవ్వు తీసి, కొన్ని వారాల తర్వాత పరీక్షించి చూశారు. ఇన్సులిన్ పనితీరులో గాని, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కల్లో గాని మెరుగు కనబడలేదు. అదే కొవ్వు తిండి తగ్గి, కదలిక పెరిగి కరిగి ఉంటే కథ వేరుగా ఉండేది.

బరువు ఎక్కువగా ఉన్నప్పుడు కోస్తే ప్రమాదాలూ ఎక్కువే. గాయం మానకపోవడం, చీము పట్టడం, చర్మం కింద నీరు చేరడం, కుట్లు విడిపోవడం వాటిలో కొన్ని. అన్నిటికన్నా భయపెట్టేది కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం. అందానికి చేసే ఆపరేషన్లలో ఈ ముప్పు ఎక్కువగా ఉన్నవాటిలో టమ్మీ టక్ ఒకటి. అందుకే చాలామంది సర్జన్లు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే కొలత) 30 లోపల ఉంటే మంచిదంటారు. 35 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు.

తెలుగు వాళ్ళకు ఈ విషయం తలచుకుంటే ఒక ముఖం గుర్తుకు రావాలి. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' సినిమాతో మన ఇళ్ళల్లోకి వచ్చిన నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో కన్నుమూసింది. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని, ఆ తర్వాత శ్వాసకు ఇబ్బంది పడిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆమె మరణానికి కారణం ఫలానాదని నేను తీర్పు చెప్పను. కానీ ఆమె లావైంది, సన్నబడింది అంటూ ఏళ్ళ తరబడి మనమంతా ఎంత తేలిగ్గా మాట్లాడుకున్నామో గుర్తుచేసుకుంటే మనసు బరువెక్కుతుంది. ఫంక్షన్ హాల్లో 'విశేషమా' అని అడిగే నోరే అక్కడ వేల నోళ్ళయింది.

కాబట్టి బరువు సంగతి మొదలుపెట్టే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. ఈ కోరిక ఎవరిది? మడతలో ఎండాకాలం చెమట పట్టి, ఒరుసుకుని పుండ్లు పడుతుంటే, నడుం నొప్పి పెడుతుంటే, లేదా అద్దం ముందు మీకు మీరే ఆ మార్పు కోరుకుంటుంటే, ఆ కోరిక మీదే. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఎంత నడిచినా, ఎంత నోరు కట్టుకున్నా సాగిపోయిన చర్మం పూర్తిగా వెనక్కి రాదు. అది మీ బద్ధకం కాదు. అదే అత్తగారి మాటకో, ఆడపడుచు నవ్వుకో జవాబుగా అయితే మాత్రం ఆగండి. పొట్ట పోతే వాళ్ళు రంగు గురించి అడుగుతారు, ఆ తర్వాత జుట్టు గురించి.

ఇక లెక్కకు వద్దాం. 157 సెంటీమీటర్ల ఎత్తున్న ఒకామె 80 కిలోలు ఉందనుకుందాం. బీఎంఐ దాదాపు 32.5. 30కి దిగాలంటే 74 కిలోలకు రావాలి. అంటే తగ్గాల్సింది 6 కిలోలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో చొప్పున తగ్గడమే క్షేమమని చెబుతూ వస్తోంది. ఆ చొప్పున 6 కిలోలకు మూడు నెలలు. అక్కడితో అయిపోదు. ఆ బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉంటేనే చాలామంది సర్జన్లు తేదీ ఇస్తారు. మొత్తం తొమ్మిది నెలలు. బరువు తగ్గేందుకు కడుపుకు చేసే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవాళ్ళయితే బరువు తగ్గి నిలవడానికి సాధారణంగా 12 నుంచి 18 నెలలు ఆగాలి. మళ్ళీ పిల్లల్ని కనే ఆలోచన ఉంటే అదయ్యాకే. పెళ్ళికి మూడు నెలలే ఉందంటే లెక్క కుదరదు.

కుదరని చోట కుదిర్చే ప్రయత్నమే ప్రాణం మీదికి తెస్తుంది. పూటకో గ్లాసు నిమ్మరసంతో నెలలో పది కిలోలు తగ్గినవాళ్ళు కొవ్వుతో పాటు కండనూ పోగొట్టుకుంటారు. ప్రోటీన్, ఐరన్ అడుగంటిన ఒంట్లో గాయం ఎలా మానుతుంది? బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025 నుంచి మన దగ్గరా బాగా వినబడుతున్నాయి. వాడుతుంటే డాక్టరుకు, ముఖ్యంగా మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. వాటి వల్ల తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది, మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

నా ఉద్దేశంలో అసలు పరీక్ష తగ్గే మూడు నెలలు కాదు. ఆ తర్వాతి ఆరు నెలలు. తగ్గుతున్నప్పుడు మెచ్చుకునేవాళ్ళుంటారు. "సన్నబడ్డవే!" అని వదిన అంటుంది, జాకెట్లు వదులవుతాయి, తూకం ముల్లు ప్రతి వారం ఒక శుభవార్త చెబుతుంది. నిలబెట్టుకునేటప్పుడు ఇవేవీ ఉండవు. ఇవాళా 74, వచ్చే వారమూ 74. చూసేవాళ్ళు లేరు, పొగిడేవాళ్ళు లేరు. కొత్తగా ఏమీ జరగని ఆ రోజుల్లో కూడా చేయాల్సింది చేస్తూ ఉండగలగడమే వ్యక్తిత్వమని నేను నమ్ముతాను. పట్టుదల గురించి మనం చెప్పుకునే కథలన్నీ గెలుపు దగ్గర ఆగిపోతాయి. గెలిచిన మరుసటి రోజు పొద్దున ఏం చేయాలో చెప్పే కథ మనకు దొరకదు.

ఆ ఆరు నెలలు మామూలు రోజులే అయితే పరీక్ష సగమే. అందులో కనీసం ఒక పెళ్ళిళ్ళ సీజనో, రంజాన్ నెలో, బోనాల నుంచి దసరా దాకా సాగే పండుగల వరసో ఉండాలి. పాతబస్తీలో రంజాన్ అంటే సాయంత్రం నుంచి తెల్లవారే దాకా వీధి వీధంతా హలీం డేగిశాలే. పెళ్ళి షాపింగ్‌కు వచ్చినవాళ్ళు లాడ్ బజార్ తిరిగి అలిసి, చార్మినార్ నీడన ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు తినకుండా వెళ్ళరు. వాటిని జీవితంలోంచి తుడిచేసి సాధించిన 74 కిలోలు మీవి కావు. ఒక కప్పు హలీం తిని, రెండో కప్పుకు వద్దని చెప్పి, మర్నాడు అన్నం తగ్గించి కూర, పప్పు, పెరుగు పెంచుకుని, ఎప్పటిలా నడకకు వెళ్ళి, నెల తిరిగేసరికి అదే 74 దగ్గర ఉంటే, ఆ బరువు మీ సొంతం. ఇరుగుపొరుగు సంతోషంలో పాలుపంచుకుంటూనే నిలిచింది కాబట్టి అది రేపూ నిలుస్తుంది.

సర్జన్‌కు కావలసిందీ ఈ నిలకడే. ఆయన చర్మాన్ని ఆ రోజు ఒంటి కొలతకు బిగిస్తాడు. ఆ తర్వాత మీరు పది కిలోలు పెరిగితే బిగించింది సాగుతుంది. పది కిలోలు తగ్గితే మళ్ళీ వదులై వేలాడుతుంది. కనుక తగిన బరువంటే పట్టికలో ఉన్న అంకె ఒక్కటే కాదు, మీరు రోజూ బతకగలిగిన బరువు. 74 దగ్గర హాయిగా, ఆరోగ్యంగా ఉన్నామె 60 కోసం ఒంటిని హింసపెట్టుకుని, 65 దగ్గర ఆపరేషన్ చేయించుకుని, ఏడాదికి మళ్ళీ 74కు వస్తే డబ్బూ పోయింది, బాధా మిగిలింది. మనవాళ్ళ ఒంటి తీరును బట్టి బీఎంఐ 23 దాటితే చాలు అధిక బరువని డాక్టర్లు లెక్కిస్తారు, ఆ గురి మంచిదే. కానీ ఆపరేషన్‌కు తగిన బరువు వేరు, జీవితకాలపు గురి వేరు. రెండోది అందలేదని మొదటిదాన్ని వదులుకోనక్కర లేదు.

కొందరు ఈ ప్రయాణం మధ్యలోనే ఇక ఆపరేషన్ అక్కర లేదనుకుంటారు. ఫిజియోథెరపీతో కండరాలు కొంత దగ్గరై, నడుం నొప్పి తగ్గి, మడత ఉన్నా మనసు కుదుటపడుతుంది. మరికొందరికి బరువు తగ్గాక మడత ఇంకా వదులుగా కనబడి, ఆపరేషన్ అవసరం మరింత తేటపడుతుంది. రెండూ సరైన నిర్ణయాలే.

చేయించుకోవాలనే నిశ్చయించుకుంటే, ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చదివిన డాక్టరేనా అని సూటిగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ప్రైవేటు క్లినిక్ మాట ఒక్కటే విని ఆగకండి. పాతబస్తీ నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి, అందులో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్నాయి. రెండో అభిప్రాయానికి అక్కడికీ వెళ్ళవచ్చు. సిగరెట్, జర్దా అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందు మానాలి. నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది, రక్తం అందక కోసిన అంచున చర్మం చచ్చిపోయే ముప్పుంది. షుగర్ ఉంటే రక్తంలో చక్కెర మూడు నెలల సగటు అదుపులోకి వచ్చాకే తేదీ తీసుకోండి.

తేదీ ఖాయమయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. దాదాపు ఆరు వారాలు బరువులెత్తకూడదు. నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్, చంకనెక్కే చంటిబిడ్డ, తడి బట్టల బకెట్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మొదటి కొన్ని రోజులు నడుం వంచుకునే నడవాలి, అయినా కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా తొందరగా లేచి నడవాలి. అప్పుడు వంట ఎవరు చేస్తారు, పిల్లల్ని బడికి ఎవరు తీసుకెళ్తారు, రాత్రి లేవాల్సొస్తే చెయ్యందించేది ఎవరు? ఈ మూడింటికీ ఇంట్లోవాళ్ళు పేర్లు చెప్పేదాకా ఆసుపత్రికి అడ్వాన్సు కట్టకండి.