వుతాయ్ పర్వత మార్గంలో: చైనా బౌద్ధాలయ యాత్రలు

ప్రయాణం గమ్యం చేరడంతో ముగుస్తుంది; యాత్రికుని అసలు పని గమ్యం చేరిన తరువాతనే ఆరంభమవుతుంది. చూచినదానిని పరిశీలించి, ఏనాటి సంగతి ఆనాడే వ్రాసి ఉంచినవారి మూలంగా ఎన్నో దేశాల చరిత్ర మనకు దక్కింది. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా చేసిన సంచారాలూ, 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య చేసిన కాశీయాత్రా గ్రంథరూపం పొందబట్టే ఈనాడు మనకు తెలుసు. ఉర్దూలో సఫర్‌నామా అనీ, తెలుగులో యాత్రాచరిత్ర అనీ పిలువబడే ఈ ప్రక్రియ విలువను గ్రహించడానికి చైనా గ్రామసీమలలో జరిగిన రెండు యాత్రలను ఇక్కడ పరిశీలిద్దాం. రెండూ ఒకే పర్వతానికి సాగినవి. వాటి మధ్య ఎడం దాదాపు పదకొండు వందల సంవత్సరాలు.

ఆ పర్వతం ఉత్తర చైనాలోని షాన్సీ రాష్ట్రంలో ఉన్న వుతాయ్. 'అయిదు వేదికలు' అని ఆ పేరుకు అర్థం. మంజుశ్రీ బోధిసత్త్వుని నివాసమని బౌద్ధులు దానిని కొలుస్తారు. 7వ శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ ధర్మాన్వేషణకై చైనా నుండి మన ధాన్యకటకం దాకా వచ్చాడని చరిత్ర విద్యార్థులకు తెలుసు. అదే ఉద్దేశంతో పొరుగు దేశాల భిక్షువులు చైనాకు వెళ్లేవారు. వారిలో ఎన్నిన్ అనే జపాను భిక్షువు ఒకడు.

ఎన్నిన్ దినచర్య

ఎన్నిన్ 838లో జపాను రాయబార బృందంతో చైనా చేరాడు. అతడు కోరిన క్షేత్రానికి పోవడానికి అధికారులు అనుమతి నిరాకరించారు. తోటివారు స్వదేశానికి మరలినా అతడు వెనుక నిలిచిపోయి, షాన్‌దోంగ్ తీరంలోని కొరియా వారి సహాయంతో ప్రయాణపత్రం సంపాదించి, 840లో కాలినడకన వుతాయ్‌కి బయలుదేరాడు.

ఆ నడకలో అతడు పల్లెలను చూచాడు. మిడుతల దండు పంటలను తినివేయగా ప్రజలు ఆకలితో అలమటించడం చూచాడు. ఏ ఊరిలో ఇంటివారు ఆదరించి అన్నం పెట్టారో, ఏ ఊరిలో కాస్త కూరకైనా పలుమార్లు అడగవలసి వచ్చిందో దాపరికం లేకుండా వ్రాశాడు. పర్వతం సమీపిస్తున్నకొద్దీ యాత్రికులకై దారి పొడవునా సత్రాలు ఉండేవి. గంజి ఉంటే పోసేవారు. లేకుంటే యాత్రికుడు తన తిండి తానే చూచుకోవాలి. రాజుల చరిత్రలలో కానరాని సామాన్యుల జీవితం ఈ దినచర్యలో కనబడుతుంది. అందుకే 1955లో ఎడ్విన్ రైషౌవర్ దీనిని ఆంగ్లంలోకి అనువదించినప్పుడు చరిత్రకారులు ఎంతో ఆదరించారు.

ఎన్నిన్ చైనాలో ఉండగానే పెనుగాలి వీచింది. చక్రవర్తి వూజోంగ్ 845లో బౌద్ధాన్ని అణచివేయ పూనుకొన్నాడు. 4,600 విహారాలను, 40,000కు పైగా చిన్న ఆలయాలను తొలగించి, 2,60,500 మంది భిక్షువులను, భిక్షుణులను గృహస్థులుగా మార్చినట్లు అధికార లెక్కలు చెబుతున్నాయి. పన్ను కట్టని భూములు, గంటలలోను విగ్రహాలలోను ఉండిపోయిన లోహం రాజ్యానికి కావలసి రావడం ఇందుకు ఒక ముఖ్యకారణం. ఎన్నిన్ కూడా కాషాయం విడిచి, సామాన్యుని వేషంలో రాజధాని వదలి, 847లో స్వదేశం చేరాడు.

అణచివేత సాగిన మరుసటి సంవత్సరమే వూజోంగ్ మరణించాడు. తరువాతి చక్రవర్తి ఆ శాసనాన్ని సడలించాడు. వుతాయ్ ప్రాంతంలో నేలమట్టమైన ఫోగువాంగ్ ఆలయాన్ని యువాన్‌చెంగ్ అనే భిక్షువు పునరుద్ధరింప పూనుకొన్నాడు. ఈనాడు నిలిచి ఉన్న దాని తూర్పు మహామండపం 857లో నిర్మితమైనది.

కంచరగాడిదలపై పండితులు

ఇక రెండవ యాత్ర. 1930 ప్రాంతంలో చైనా ప్రాచీన వాస్తువును శాస్త్రీయంగా పరిశోధించిన వారిలో అగ్రగణ్యులు లియాంగ్ సుచెంగ్, ఆయన భార్య లిన్ హుయ్‌యిన్. ఇరువురూ అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివారు. స్త్రీ అయిన కారణంగా లిన్‌కు అక్కడి వాస్తుశాఖలో ప్రవేశం లభించలేదు. లలితకళల శాఖలో చేరి, వాస్తుపాఠాలు కూడా అభ్యసించింది. ఆ విశ్వవిద్యాలయం 2024లో, ఆమె మరణించిన 69 సంవత్సరాలకు, ఆమెకు వాస్తుపట్టం ప్రదానం చేసింది.

తాంగ్ యుగపు కొయ్య కట్టడం చైనాలో ఒక్కటి కూడా మిగలలేదనీ, చూడదలచినవారు జపానులోని నారాకు రావలసిందేననీ ఆనాటి జపాను పండితులు అనేవారు. ఉండితీరుతుందని లియాంగ్ దంపతుల విశ్వాసం. దున్‌హువాంగ్ గుహలలోని 61వ గుహలో వుతాయ్ పర్వతపు గోడచిత్రం ఉంది. ఫ్రెంచి పండితుడు పెలియో తీసిన ఛాయాచిత్రాలలో దానిని చూచి, అందులో పేరుతో సహా చిత్రించిన ఫోగువాంగ్ ఆలయాన్ని వెదకుతూ 1937 జూన్‌లో వారు బయలుదేరారు.

కొండ అంచుల వెంట కంచరగాడిదలపై ప్రయాణం. కొన్ని చోట్ల జంతువులు అడుగు వేయక మొరాయిస్తే దిగి లాగవలసి వచ్చింది. ఫోగువాంగ్ ప్రధాన శిఖరాలకు వెలుపల, యాత్రికులు అరుదుగా పోయే చోట ఉంది. ఇందులో ఒక పాఠం ఉన్నది. ధనవంతులైన భక్తులు విరివిగా వచ్చే ఆలయాలను పదేపదే కూల్చి కొత్తగా కట్టారు. పేద ఆలయం పాతగానే మిగిలింది.

మండపాన్ని చూడగానే దాని ప్రాచీనత వారికి స్ఫురించింది. ఎట్లు? చైనా కొయ్య కట్టడంలో స్తంభాలకూ చూరుకూ నడుమ 'దౌగోంగ్' అనే అమరిక ఉంటుంది. కొయ్యదిమ్మెలనూ అడ్డకొయ్యలనూ ఒకదానిపై ఒకటి పేర్చి, పైకప్పు బరువును స్తంభాలకు దించే ఏర్పాటు ఇది. తాంగ్ కాలంలో ఇది భారీగా ఉండి నిజంగా బరువు మోసేది. మింగ్, చింగ్ కాలాల నాటికి చిన్నదై, సంఖ్య పెరిగి, చాలవరకు అలంకారంగా మారింది. ఫోగువాంగ్‌లో ఈ అమరిక ఎత్తు స్తంభం ఎత్తులో సుమారు సగం. చూరు దాదాపు నాలుగు మీటర్లు ముందుకు చాచి ఉంటుంది.

అయినా రూపాన్ని బట్టి చేసిన ఊహ ప్రమాణం కాదు, తేదీ కావాలి. అటకపై చేతికందని దుమ్ము, వేలకొలది గబ్బిలాలు, నల్లుల మధ్య మసలుతూ వారు కొలతలు తీశారు. దూరదృష్టి గల లిన్ కన్నులకు దూలం అడుగున వెలిసిపోయిన సిరావ్రాత లీలగా కనిపించింది. పరంజా కట్టి, తడిగుడ్డలతో దూలాన్ని తుడవగా, తడి ఉన్నంతసేపు అక్షరాలు తేలేవి; ఆరగానే మాయమయ్యేవి. అట్లా చదివిన వ్రాతలో దాతగా నింగ్ గోంగ్‌యూ అనే స్త్రీ పేరు ఉంది. ముంగిట ఉన్న రాతిస్తంభంపై కూడా అదే పేరు, దానితోపాటు 857కు సమానమైన తాంగ్ సంవత్సరం కనబడ్డాయి. సందేహం తీరింది.

మండపంలో ఒక మూల వినయంగా కూర్చున్న స్త్రీమూర్తి ఉంది. చక్రవర్తిని వూ అని స్థానిక భిక్షువు చెబుతూ వచ్చాడు. అది దాత నింగ్ మూర్తియేనని లిన్ గుర్తించింది.

కొద్ది దినాలలోనే, జూలై 7న, పెకింగు సమీపంలో జపాను సేనలతో యుద్ధం మొదలైంది. లియాంగ్ దంపతులు బిడ్డలతో దేశం లోపలికి తరలిపోయారు. వారు తియాన్‌జిన్ బ్యాంకులో దాచిన ఛాయాచిత్రాల మూలఫలకాలు 1939 వరదలో పాడైపోయాయి. క్షయవ్యాధితో మంచం పట్టిన లిన్, వెన్నెముక జబ్బుతో బాధపడే లియాంగ్ సిచువాన్ పల్లెలో ఉండి పని కొనసాగించారు. ఆ కృషిఫలమైన ఆంగ్లగ్రంథం లియాంగ్ మరణించిన పన్నెండేండ్లకు, 1984లో వెలువడింది. వుతాయ్ 2009లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఫోగువాంగ్ అందులో భాగం. 1953లో సమీప ప్రాంతంలోనే ఇంకా ప్రాచీనమైన, 782 నాటి నాన్‌చాన్ ఆలయం కూడా బయటపడింది.

ఆజ్ఞ ఇచ్చిన చక్రవర్తి ఒక్క సంవత్సరంలో గతించాడు. ఒక స్త్రీ ఇచ్చిన దానం పదకొండు శతాబ్దాలకు పైగా నిలిచింది. ఆమె పేరు మనకు తెలియడానికి కారణం దూలంపై వ్రాసిన చేయి, దానిని చదవడానికి శ్రమపడిన కన్ను. విద్యార్థులు విహారయాత్రకు వెళ్లినప్పుడు ఏ పాత కట్టడం ముందు నిలిచినా, మొదట శాసనం ఎక్కడున్నదో వెదకాలి. కొలతలు, తేదీ, దాత పేరు ఆ దినమే వ్రాసుకోవాలి. స్థానికులు చెప్పిన కథను గౌరవంగా విని, ఆధారంతో పోల్చిచూడాలి. తడి ఆరేలోగా చదవవలసిన అక్షరాలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి.