ఇంటి స్థలంలో ప్రమాదాలను అంచనా వేయడం ఎలా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. మనలాంటి కుటుంబాలకు ఇల్లు కట్టడం కంటే ముందు స్థలం దొరకడమే కష్టం. మన హాస్టళ్లలో చదువుకున్న చాలామందికి సొంత ఇల్లంటే ప్రభుత్వం ఇచ్చే పట్టా స్థలమే. ఊరి నడుమ భూమి ఖరీదు. అందుకే కాలనీకి చూపించే జాగా చాలాసార్లు చెరువు పక్కనో, గుట్ట కిందో, కరెంటు తీగల కిందో ఉంటుంది. కాబట్టి ఈ పాఠం ఇంజనీర్లకే కాదు, మనకూ అవసరం.

అపాయం వేరు, ముప్పు వేరు

హాని చేయగల వస్తువు లేదా పరిస్థితి అపాయం. ఆ హాని మనకు జరిగే అవకాశం ముప్పు. తాళం వేసిన గదిలోని పురుగుమందు డబ్బా అపాయమే గాని, ముప్పు తక్కువ. అదే డబ్బా బావి పక్కన కారితే ముప్పు ఎక్కువ. ముప్పు రావాలంటే మూడు కలవాలి: మూలం, దారి, బాధపడే మనిషి. ఇక్కడ మందు మూలం, మట్టి, నీరు దారి, ఆ నీళ్లు తాగే పాప మూడవది. వీటిలో ఏ ఒక్కటి తెంచినా ముప్పు తప్పుతుంది.

జరిగిన సంఘటనలు

అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే పాత కాలువలో ఒక కంపెనీ రసాయన వ్యర్థాలను పూడ్చింది. 1950లలో ఆ నేల మీద బడి, చుట్టూ ఇళ్లు వెలిశాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చింది.

విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీ 1961 నాటిది. ఊరు పెరిగి దాని దగ్గరదాకా వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు.

మనకు దగ్గరలో, 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు, అలంపురం నీట మునిగాయి.

చూడవలసిన పద్ధతి

1. పాత సంగతి: ఆ నేల ముందు ఏమిటి? ఎరువుల గోదామా, పెట్రోలు బంకా, క్వారీ గుంతా, చెత్తకుప్పా? ఊరి నక్షా చూడాలి, ముసలివాళ్లను అడగాలి. ఎండోసల్ఫాన్‌ను 2011లో నిషేధించారు. అంతకుముందు అది అమ్మిన, దాచిన చోట్ల మట్టిని అనుమానించాలి.

2. నడిచి చూడడం: పాన్‌గల్‌లో గుట్ట మీద కోట కట్టినవారికి ఆ ఎత్తే రక్షణ. గుట్ట మొదట్లో ఇల్లు కట్టేవారు మాత్రం పైనున్న కదిలే బండలను, వాన నీరు దిగే దారిని చూడాలి. చెరువు నిండితే నీరు ఎంతదాకా వస్తుందో, అలుగు ఎటు పారుతుందో తెలుసుకోవాలి. 11 కె.వి. తీగకు ఇంటి కప్పు నుంచి ఎత్తులో 3.7 మీటర్లు, గోడ నుంచి పక్కకు 1.2 మీటర్లు ఎడం తప్పనిసరి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది కనుక పునాది జాగ్రత్తగా వేయాలి. పాత ఆస్బెస్టాస్ రేకులను పగలగొట్టకుండా, తడిపి దించాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని.

3. పరీక్ష: మట్టి, నీరు ల్యాబుకు పంపాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు.

4. లెక్క: జరిగే అవకాశానికి 1 నుంచి 3, నష్టానికి 1 నుంచి 3 మార్కులు వేసి హెచ్చించాలి. ఉదాహరణకు, ఒక స్థలం అలుగు దారిలో ఉందనుకుందాం: అవకాశం 2, నష్టం 3, మొత్తం 6. ఇంటి పైన తీగ వేలాడుతోంది: 3 × 3 = 9. అంటే ముందు తీగ మార్పించాలి, తరువాత వరద సంగతి. అయితే అలుగు దారిని మనం మార్చలేం. అక్కడ స్థలం మార్చమనడమే మందు.

ఎవరిని అడగాలి?

గ్రామసభలో అడగవచ్చు. తహసీల్దారుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వవచ్చు. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

మిత్రులారా! పట్టా చేతికి వచ్చిన సంతోషంలో అమ్మానాన్నలు ఇవన్నీ అడగలేకపోవచ్చు. ఇస్తున్నదే గొప్ప అనుకుంటారు. చదువుకున్న మనం వారి పక్కన నిలబడి అడగాలి. ముగ్గు పోయకముందు అడిగితే ఒక అర్జీతో పోతుంది. గోడలు లేచాక అయితే, కూలి డబ్బులు కూడబెట్టి కట్టుకున్న ఇల్లే వదులుకోవలసి వస్తుంది.