విత్తులేని మొక్కల సంతానము

చింతగింజ నాటిన చింత మొలచును. టెంక పాతిన మామిడి మొలచును. ఫెర్నుమొక్కకు పూవు లేదు, కాయ లేదు, గింజ లేదు. అయినను పాతబావుల రాళ్లసందులయందు ఎవరును నాటకయే పెరుగుచున్నది. పూర్వము ఐరోపాజనులు దీనికి కంటికగపడని విత్తనము కలదనియు, దానిని సంపాదించినవాడు తానును అదృశ్యుడగుననియు నమ్మిరి.

ఆకు త్రిప్పి చూడుడు. అడుగున గోధుమవన్నె చుక్కలో, అంచువెంబడి గీతలో కానవచ్చును. పలువురు వీనిని తెగులని తలంచి ఆకులను త్రుంచివేయుదురు, అది తగదు. ఒక్కొక్క చుక్క అనేక సూక్ష్మమైన తిత్తుల గుంపు. ఒక్కొక్క తిత్తిలో సాధారణముగా 64 సిద్ధబీజము లుండును. తిత్తిచుట్టును మందపుగోడలుగల కణముల వరుస యొకటి వడ్డాణమువలె అమరియుండును. అందలి నీరు ఆవిరియగుకొలది ఆ వరుస వెనుకకు వంగి తిత్తిని చీల్చును. అంతట హఠాత్తుగా ముందునకు విసరికొని సిద్ధబీజములను గాలిలోనికి చిమ్మును. చేనిలో వడిసెలతో పిట్టలను తోలువానిని చూచినవారికి ఇది బోధపడకపోదు.

సిద్ధబీజమును విత్తనమని వ్రాయుట మా విద్యార్థులలో తరచుగా కానవచ్చు తప్పు. విత్తనములో పిల్లమొక్కయు, దానికి వలసిన ఆహారమును ఉండును. సిద్ధబీజము ఒక్క కణము మాత్రమే. పైగా అది మొలచినను వెంటనే ఫెర్ను రాదు! వచ్చునది హృదయాకారముగల పలుచని పచ్చనిరేకు; చిటికెనవ్రేలి గోరునకు మించదు. దాని యడుగున స్త్రీబీజములును పురుషబీజములును పుట్టును. మెలితిరిగిన దేహముగల పురుషబీజము కొరడాలవంటి పెక్కు పోగుల నాడించుచు, నీటిలో ఈదిపోయి స్త్రీబీజమును కలియవలెను. ఆ సంయోగమునుండియే మనమెరిగిన ఫెర్ను పుట్టును. ఇట్లు రెండు తరములు ఒకదానివెంట నొకటి వచ్చుటను 1851లో జర్మనుపండితుడు హోఫ్‌మైస్టరు విశదపరచెను. ఆయన అప్పటికి ఆచార్యుడు కాడు. పుస్తకవ్యాపారముచేయుచు స్వయంకృషిచే వృక్షశాస్త్రము నేర్చినవాడు.

నీటిపొర లేనిదే సంయోగము లేదు. తడిసిన బావిగోడ ఫెర్నునకు ప్రియమగుటకు ముఖ్యకారణ మిదియే. వానకాలమున గోడలపై మఖమలువలె పరచుకొను నాచునకును ఇదే నిర్బంధము. అయితే అందు మనము చూచు పచ్చనిమొక్కయే స్త్రీపురుషబీజములను కనును, సిద్ధబీజముల తిత్తి దాని తలపై పెరుగును.

ముదిరిన చుక్కలుగల ఆకును తెల్లకాగితముపై, చుక్కలు క్రిందికుండునట్లు, ఒకటి రెండు దినము లుంచుడు. పొడి రాలును. దానిని మరగించి చల్లార్చిన ఇటుకముక్కపై చల్లి, నీటిపళ్లెములో నుంచి, గాజుపాత్ర బోర్లించి నీడను పెట్టినచో కొన్ని వారములకు పచ్చనిరేకులు కానవచ్చును. మేము తరగతిలో ఇట్టి పళ్లెములు రెండుంచి చూచితిమి. రేకులపై నీటితుంపరలు చిలుకరించిన దానియందు కొన్ని మాసములకు చుట్టచుట్టిన లేతయాకు తలయెత్తెను. చిలుకరింపక విడిచిన దానియందు రేకులు రేకులుగనే యుండెను.