బోగోలు ఎండలో క్రోమియం

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు పెద్దలు. నెల్లూరు జిల్లా బోగోలు పిల్లలకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో బిట్రగుంట స్టేషనులో రైలు కోసం నిలబడితే చాలు. మధ్యాహ్నం నీడలో కూడా వేడి 38 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. సముద్రపు గాలి తిరిగాక కాస్త తగ్గుతుంది.

పిల్లలూ! ఈ 38 అనే అంకెను గుర్తుంచుకోండి. ఆ వేడికి రోలు పగిలినా పగలకపోయినా, అక్కడ ఒక స్వచ్ఛమైన క్రోమియం స్ఫటికం ఉంటే దాని లోపల మాత్రం ఒకటి చెదిరిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. రంగు మారదు, కరగదు, వంగదు. మరి చెదిరిందేమిటి?

క్రోమియం మీకు తెలిసిన లోహమే. సైకిలు హాండిలు మీద తళతళలాడే పూత అదే. హాండిలుకు అయస్కాంతం అంటుకుంటుంది కదా అంటారేమో! అంటుకునేది లోపలి ఇనుముకు. పై పూత మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. విడిగా ఉన్న క్రోమియం ముక్క అయస్కాంతానికి అంటుకోదు. అందుచేత దానిలో అయస్కాంతత్వమే లేదనుకుంటాం. అక్కడే పొరబడతాం.

వరుసలో ఉన్న రహస్యం

బడి ఆవరణలో ప్రార్థనకు నిలబడిన పిల్లలను ఊహించుకోండి. ఒక్కొక్కరు ఒక్కొక్క పరమాణువు. ముఖం ఎటు ఉంటే దాని అయస్కాంత బలం అటు. అందరూ తూర్పుకే తిరిగితే బలాలన్నీ కూడి పెద్ద బలమవుతుంది. ఇనుము అయస్కాంతమైనప్పుడు జరిగేది ఇదే. ఇప్పుడు ఒకరు తూర్పుకు, పక్కవారు పడమరకు, ఆ పక్కవారు మళ్ళీ తూర్పుకు తిరగండి. వరుస చక్కగానే ఉంది. కాని మొత్తం బలం సున్న! ఇలాంటి పదార్థాలను యాంటీ ఫెర్రో అయస్కాంతాలంటారు. క్రోమియం ఈ జాతిదే.

దీనిలో ఇంకో వింత కూడా ఉంది. అన్ని పొరలలోనూ ఈ బలం ఒకేలా ఉండదు. జువ్వలదిన్నె తీరంలో అలలాగా పెరుగుతూ తరుగుతూ పోతుంది. సుమారు నలభై, యాభై పరమాణు పొరలకు ఒక అల. ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా కట్టిన అల ఇది.

ఇక విరామం గంట కొట్టండి. అందరూ తలోదిక్కుకు చెదిరిపోతారు. 38 డిగ్రీల వద్ద క్రోమియంలో జరిగేది ఇదే. మంచు నీరయినట్లు ఇదీ ఒక ప్రావస్థా పరివర్తన. చల్లబడితే వరుస మళ్ళీ ఏర్పడుతుంది. ఆ హద్దును నీల్ ఉష్ణోగ్రత అంటారు. ఇలాంటి అయస్కాంతాలు ఉండవచ్చునని 1930లలో ఊహించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ పేరు అది.

కనబడనిదాన్ని కనిపెట్టడం

వరుసలో ఉన్నా మొత్తం సున్న, చెదిరినా సున్న. మరి తేడా ఎలా తెలుస్తుంది? న్యూట్రాను కూడా ఒక బుల్లి అయస్కాంతమే. స్ఫటికంలోకి న్యూట్రాన్లను పంపితే, అవి లోపలి అమరికను బట్టి కొన్ని ప్రత్యేక దిశల్లో బయటికి వస్తాయి. 1949లో షల్, స్మార్ట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు మాంగనీసు ఆక్సైడులో ఇటూ అటూ తిరిగిన వరుసను ఇలాగే పట్టుకున్నారు. మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టరు వద్ద ఇటువంటి పరిశోధనలు జరుగుతున్నాయి. ఇంకో దారి విద్యుత్ నిరోధాన్ని కొలవడం. క్రోమియాన్ని వేడిచేస్తూ కొలిస్తే, 38 డిగ్రీల దగ్గర గీతలో చిన్న వంపు కనిపిస్తుంది.

చిటికెడు కలిపితే

మన కొండపల్లి కొండల్లో క్రోమియం ఖనిజముంది. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు మాంగనీసు ఖనిజముంది. ఈ రెండు లోహాలూ కలిస్తే ఏమవుతుందో చూడండి. క్రోమియంలో నూటికి రెండు పాళ్ళు మాంగనీసు కలిపితే, నీరు మరిగే వేడికి కూడా వరుస చెదరదు! దానికి బదులు నూటికి నాలుగు పాళ్ళు వెనేడియం కలిపితే, ఎంత చల్లబరిచినా వరుస ఏర్పడదు. కారణం ఎలక్ట్రాన్ల లెక్క. పరమాణువుకు క్రోమియంలో 24 ఎలక్ట్రాన్లు, మాంగనీసులో 25, వెనేడియంలో 23. ఒకటి పెరిగితే అలకు బలం, ఒకటి తగ్గితే నీరసం.

కలపకుండా పలుచన చేసినా మార్పు వస్తుంది. నలభై పరమాణు పొరలైనా లేని ఫిల్ములో పూర్తి అల ఎలా పడుతుంది? అది తన సహజ రూపంలో నిలవలేదు. నీల్ ఉష్ణోగ్రత జరిగిపోతుంది, హద్దు మసకబారుతుంది. కింద ఉన్న పదార్థం ఫిల్మును లాగినా, నొక్కినా కూడా మారుతుంది.

పనికిరానిదా?

1970లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు నీల్, ఈ పదార్థాలు సిద్ధాంతానికి ఎంతో ఆసక్తికరమైనవే గాని ఉపయోగం కనబడటం లేదన్నాడు. కాని 1986లో జర్మనీలో గ్రున్‌బర్గ్ బృందం రెండు ఇనుప పొరల నడుమ పలుచని క్రోమియం పొర పెట్టి చూసింది. ఇనుప పొరలు ఒకదానికొకటి ఎదురు తిరిగాయి! 1988లో ఫ్రాన్సులో ఫెర్ట్ బృందం, గ్రున్‌బర్గ్ బృందం వేరువేరుగా మరో సంగతి కనుగొన్నాయి. బయటినుంచి అయస్కాంత బలం ప్రయోగించి ఆ పొరలను ఒకే దిక్కుకు తిప్పితే విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఫెర్ట్ బృందం వాడిన క్రోమియం పొర మందం మిల్లీమీటరులో సుమారు పది లక్షలవ వంతు. అతి శీతలంలో వారికి నిరోధం దాదాపు సగానికి పడిపోయింది.

ఈ సూత్రంతోనే 1997 నుంచి కంప్యూటరు డిస్కులను చదివే సాధనాలు వచ్చాయి. వాటిలో ఒక పొరను కదలకుండా పట్టి ఉంచేది యాంటీ ఫెర్రో అయస్కాంతమే. ఫెర్ట్, గ్రున్‌బర్గ్‌లకు 2007లో నోబెల్ బహుమతి లభించింది. ఒక సంగతి ఎందుకు పనికివస్తుందో తెలియకముందే దాన్ని తెలుసుకోవాలనుకున్నవారి వల్లనే ఇది సాధ్యమైంది.

చేసి చూడండి

ఈ వేసవిలో నీడలో ఒక గది థర్మామీటరు వేలాడదీసి, గంటకొకసారి ఉష్ణోగ్రత రాసుకోండి. ఎన్ని గంటలకు 38 దాటింది? గాలి తిరిగాక ఎప్పుడు దిగింది? మీరు రాసిన ఆ రెండు వేళల నడుమ, అక్కడ స్వచ్ఛమైన క్రోమియం స్ఫటికముంటే, దానికి విరామం గంట కొట్టినట్లే!