బొగ్గుపులుసు వాయువు – చేపల తొట్టిలో మొక్కలు

పిల్లలూ! కార్బన్ డయాక్సైడ్‌కు తెలుగులో బొగ్గుపులుసు వాయువు అని పేరు. చేపల తొట్టిలో మొక్కలు పెంచేవారికి ఈ పేరులోనే పాఠం ఉంది.

బొగ్గు అంటే కార్బన్. మొక్కలు వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ జరిపి, ఈ కార్బన్‌తోనే ఆకులు, వేర్లు పెంచుకుంటాయి. తొట్టి నీటిలో ఈ వాయువు తక్కువ. సిలిండరు కొనాలంటే ఖర్చు ఎక్కువ. కాబట్టి పెద్దల సాయంతో ఇలా చేయండి. 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాలో 2 కప్పుల పంచదార, అర చెంచా ఈస్టు వేసి, ముప్పావు వంతు వరకు గోరువెచ్చని నీళ్లు పోయండి. మూతకు రంధ్రం చేసి సన్నని గొట్టం బిగించి, దాని కొనను తొట్టి అడుగుకు చేర్చండి. నురుగు తొట్టిలో పడకుండా మధ్యలో నీళ్లున్న చిన్న సీసా అమర్చండి. ఇడ్లీ పిండి పులిసి పొంగినట్టే, ఈస్టు పంచదారను పులియబెట్టి వాయువును వదులుతుంది. సుమారు రెండు వారాలు వస్తుంది. గొట్టాన్ని మాత్రం ఎప్పుడూ మూయకండి, సీసా పేలవచ్చు.

పులుసు అంటే ఆమ్లం. సోడాలో పులుపు ఈ వాయువు వల్లనే. ఇది ఎక్కువైతే నీటిలో ఆమ్లత పెరుగుతుంది, చేపలకు ఊపిరాడదు. అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అదే గుర్తు. రాత్రి మొక్కలు ఈ వాయువును తీసుకోవు, కానీ ఈస్టు ఆగదు. రాయ్‌పూర్ ఎండాకాలంలో మరింత వేగంగా పనిచేస్తుంది. అందుకే దీపం ఆర్పగానే గొట్టం కొనను నీటిలోంచి బయటికి తీయండి.

బదిలీ అయితే తొట్టి వెంట రాకపోవచ్చు. ఈ సీసా ఏ ఊళ్లోనైనా తయారవుతుంది.

అభ్యాసం: పులుసు, పులుపు, పులియు – ఇలాంటివి మరో మూడు మాటలు రాయండి.