అడగనిచ్చే పెద్దరికం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చిన మనలో చాలామందికి క్లాసులో లేచి సందేహం అడగాలంటే గొంతు పెగలదు. "ఈమాత్రం తెలవదా?" అంటారేమోనని భయం. తప్పు పిల్లలదేనంటారు పెద్దలు. నేనొప్పుకోను. ఎదుటివారు అడగనిస్తేనే గదా అడిగేది! ఈ సంగతి ఎరిగినవారు పదిహేడు వందల ఏండ్ల కిందనే మన ప్రాంతంలో ఉన్నారు.

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి గుట్టమీద బౌద్ధుల మహాస్తూపం, విహారాలు, భిక్షువులు కూడుకునే స్తంభాల మండపం బయల్పడ్డాయి. అక్కడి సున్నపురాతి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. వాటి అందాన్ని మెచ్చుకోనివారు లేరు. నా మనసు మాత్రం ఆ మండపం మీదనే.

ఎందుకంటారా? బౌద్ధ సంఘంలో "పవారణ" అని ఒక నియమం ఉన్నది. వానకాలం మూడు నెలలు ఒకచోట గడిపిన భిక్షువులు చివరకు సమావేశమై, ఒక్కొక్కరే చేతులు జోడించి, తమలో ఎవరైనా చూసిన, విన్న, అనుమానించిన తప్పులను చెప్పమని సంఘాన్ని వేడుకోవాలె. మొదట చేతులు జోడించేది ఎవరనుకున్నారు? కొత్తగా చేరిన కుర్రవాడు కాదు, అందరికన్నా పెద్ద భిక్షువు!

కిటుకంతా ఆ వరుసలోనే ఉన్నది. పెద్దాయన ముందుగా ఒదిగితే చిన్నవాడికి ధైర్యమొస్తుంది. ఎవరూ దగ్గరకు రాని పండితుడికి తన పొరపాటు తెలిసే దారేది? మంగళసుత్తంలోని 38 మంగళాలలో "సోవచస్సత", అంటే చెబితే వినే గుణం, ఒకటి. సమయానికి ధర్మచర్చ చేయడం మరొకటి.

యూనియన్ వారికి నా మనవి ఒక్కటే. వచ్చే ఏడు పాఠాలు ముగిసే వారంలో, "నా పాఠంలో ఏది అర్థం కాలేదు?" అని లెక్చరర్లే మొదట అడిగే ఒక సాయంత్రం పెట్టించండి. ఆ తర్వాత వంతు సీనియర్లది.