శిక్ష యనఁగా నేమి?

పరభాషా ప్రాంతమునఁ దెలియని మాటలకంటెఁ దెలిసిన మాటలే మనలను నవ్వులపాలు చేయును. విద్యార్థులారా, మా యనుభవము నాలకింపుఁడు.

మేమొకప్పుడు కాశికిఁ బోయి యచ్చటి పాఠశాల నొకదానిని దర్శించితిమి. ఉపాధ్యాయులు మా బోధనపద్ధతి నడుగఁగా, వచ్చిన కొలఁది హిందీలో "హమారే స్కూల్ మేఁ శిక్షా నహీఁ దీ జాతీ" అని సగర్వముగాఁ బలికితిమి. పిల్లలను దండింపమని మా భావము. వారు నివ్వెఱపడిరి, బాలురు పక్కున నవ్విరి. హిందీలో శిక్ష యనఁగా విద్య; దండనమును వారు 'సజా' యందురు. మా బడిలోఁ జదువు చెప్పమని మేమే చాటుకొంటిమి!

సంస్కృతమున శిక్ష్ ధాతువునకు నేర్చుకొనుట యని యర్థము. వేదాంగము లాఱింటిలో నొకటియగు శిక్ష యుచ్చారణశాస్త్రము. హిందీ యీ పాత యర్థమునే నిలుపుకొనెను. ఇట్లే మన యుపన్యాసము హిందీలో నవల. మన యవసరము తమిళమునఁ దొందర. మన సంసారము మలయాళమున సంభాషణము. కావునఁ బరభాషలో మన మాట వినఁబడినపుడు దాని యర్థమును ముందుగా నడిగి తెలిసికొనుఁడు.

మఱియొక సంగతి. ఆనాఁటి మా బడాయి పూర్తిగా నిజము కాదు. మా బల్లసొరుగులో బెత్తమొకటి యుండెను. విద్యకుఁ బేరైన మాట మన బడిలో దెబ్బకుఁ బేరగుట మాకు సిగ్గు గొలిపెను. ఊరు చేరిన మఱునాఁడే యా బెత్తమును దీసివేసితిమి.